ఏడాదీ ఒక రోజూ

నీలం గళ్ళ పనిగౌను ఎడమ జేబులో తాల్కా వేలికి మళ్ళీ అదే గట్టిగా తగిలింది. కాగితపు రుమాల్లో చుట్టిన పటికబెల్లం ముక్క.

"ఈ ఫెన్నా ముసలమ్మ నన్ను చంపితే గానీ పోదు," అంది ఉతికే యంత్రంతో. వినడానికి అక్కడ అది తప్ప ఎవరూ లేరు.

పోయిన నెల ఇలాంటి ముక్కనే చూసుకోకుండా వేసింది. బెల్లమైతే కరిగిపోయింది, కాగితం మాత్రం నాని పీలికలై, ముప్ఫై జతల నల్ల మేజోళ్ళకు మంచు కురిసినట్టు అంటుకుంది. రెండు రోజులు కూర్చుని గిల్లుకుంటే గానీ వదల్లేదు. ఇవాళ్టి ముక్కను సాక్ష్యం కోసం కిటికీ గట్టు మీద పెట్టింది. గౌనును యంత్రంలో పడేసి మోకాలితో తలుపు మూసింది.

తాల్కాకు యాభై ఎనిమిదేళ్ళు. సముద్రపు కట్టకు ఇవతల, గొర్రెలు మేసే చోట ఉన్న ఆ వృద్ధుల ఇంటి నేలమాళిగలో ఇరవై ఆరేళ్ళుగా ఆమెది ఒకటే పని. బట్టలు ఉతకాలి, ఆరబెట్టాలి, ప్రతి బట్టకూ దాని మనిషి పేరున్న పట్టీ కుట్టాలి. పేరు లేని బట్ట అక్కడ అనాథ. కుట్టీ కుట్టీ ఆమె కుడి బొటనవేలి కొస గరుకు కాగితంలా తయారైంది. ఆ ఇంట్లో ఎవరికైనా ఆమె గుర్తొచ్చేది ఒక్కప్పుడే: ఏదో ఒక బట్ట కనబడనప్పుడు.

ఆ మంగళవారం ఆమె నెత్తిన ఇంకో పని పడింది. మూడు గంటల్లోపు ఫెన్నా బీరువా తలుపు మూసుకోవాలి.

పోయిన వారం ఆ బీరువాలోంచి వేలాడుతున్న చొక్కా చెయ్యి కాలికి తట్టుకుని ఫెన్నా బోర్లా పడింది. ముక్కు వాచింది తప్ప ఏమీ కాలేదు. అయినా ఇల్లు నడిపే ఎవర్స్ మేడమ్ ఊరుకోలేదు. "మంగళవారం మూడింటికి నేనే వచ్చి చూస్తాను. తలుపు పట్టకపోతే ఆమెను పై అంతస్తుకు మార్చేస్తాను," అంది. మతి తప్పినవాళ్ళను ఉంచేది పై అంతస్తులో. అక్కడ బీరువాలకు తాళాలు, తాళంచెవులు నర్సుల దగ్గర. టీని మూత ఉన్న ప్లాస్టిక్ కప్పుల్లో ఇస్తారు, గొంతుకు అడ్డం పడుతుందని పటికబెల్లం వెయ్యరు. అక్కడికి పోవడం కంటే కట్ట దాటి సముద్రంలోకి నడిచిపోవడం నయమని ఫెన్నా అందరికీ చెప్పి పెట్టింది. ఆమె మతి మాత్రం తాల్కా మతి కంటే గట్టిది.

తాల్కా గదిలోకి వెళ్ళేసరికి ఫెన్నా కిటికీ పక్క కుర్చీలో ఉంది. ఎనభై తొమ్మిదేళ్ళ మనిషి, పిట్టంత ఒళ్ళు, వాచిన ముక్కు. ముందు బల్ల మీద టీ కెటిల్, రెండు కప్పులు.

"మొయిన్, పిల్లా. కూర్చో, పోస్తాను," అంది ఆ తీరపు పలకరింపుతో.

"మొయిన్. టీకి రాలేదత్తా. నీ బీరువా కోసం వచ్చాను."

"బీరువా ఎక్కడికి పోతుంది? చల్లారిపోయేది టీ."

ఆ ప్రాంతంలో టీ వద్దంటే మనిషిని వద్దన్నట్టే. తాల్కా నిలబడే పుచ్చుకుంది. అడుగున పటికబెల్లం టప్‌మని చిట్లింది. మూడు కప్పులు మర్యాద. చాలనుకున్నవాళ్ళు చెంచా కప్పులో పెడతారు, పెట్టేదాకా ఎదుటివాళ్ళు పోస్తూనే ఉండాలి. తాల్కా ఒక కప్పుకే చెంచా పెట్టేసింది. ఫెన్నా చెంచా పెట్టగా ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

బీరువా తెరవగానే ఒక కోటు ముందుకు వాలి తాల్కా భుజం మీద పడింది, ఎవరో తాగి వచ్చి కావిలించుకున్నట్టు.

"ఓరి దేవుడా! అత్తా, నువ్వు ఒక్కదానివా, పటాలమా?"

"నెమ్మదిగా తియ్యి. వరస చెడగొట్టకు."

"దీనికో వరస కూడానా!"

ఒక్కొక్కటే తీసి మంచం మీద వేసింది. ఏడు పనిగౌనులుండాలి, ఆరున్నాయి, ఏడోది కింద యంత్రంలో తిరుగుతోంది. రెండు లంగాలు, చర్చికి వేసుకునే నల్ల గౌను. అంతే, ఫెన్నావి అయిపోయాయి. బీరువా ఇంకా నిండుగానే ఉంది. తర్వాత చేతికొచ్చింది మగవాళ్ళ పంట్లాం. తర్వాత చారల నిద్రచొక్కా. గులాబీరంగు శాలువా. తాల్కా పంట్లాం నడుము తిరగేసి చూసింది. పేరు పట్టీ ఉంది. తను కుట్టినదే. ఆ పేరు గల మనిషి పోయిన శీతాకాలమే పోయాడు. శాలువా మనిషి పోయి ఇంకా ఎక్కువ రోజులైంది.

ఒళ్ళు మండిపోయింది. ఎవరైనా చనిపోతే వాళ్ళవాళ్ళు వద్దన్న బట్టలను మూటగట్టి, పాత బట్టల బండి వచ్చేదాకా లిఫ్టు పక్కన పెట్టేది తాల్కాయే. బండికి ఎక్కించానని సంతకం పెట్టేదీ ఆమే.

"మూటల్లోంచి దొంగిలించావా అత్తా?"

"దొంగతనమేమిటి, పారేసినవాటికి! దాచాను."

"ఎందుకు? నువ్వు పంట్లాం తొడుక్కుంటావా?"

"కాయితం చూడు."

ప్రతి బట్ట అంచుకూ లోపలివైపు చిన్న కాగితం గుండుసూదితో గుచ్చి ఉంది. పెన్సిలుతో ఒక తేదీ. తాల్కా నాలుగైదు తిప్పి చూసింది. చనిపోయిన రోజులు కావవి. ఆ రోజుకు ఏడాది అవతల, ఇంకొక రోజు మీద.

ఫెన్నా తన కప్పులో మళ్ళీ పోసుకుంది. నలభై ఒక్క వేసవులు ఆమె ఎదురుగా ఉన్న దీవిలో ఒక బసలో గదులు సర్దింది. పక్కలు మార్చడం, ఇసుక ఊడవడం, అతిథులు మరిచిపోయినవి ఏరడం. స్నానపు టోపీలు, కళ్ళజోళ్ళు, ఒకసారి పళ్ళ సెట్టు. ఏదైనా సరే ఏడాదీ ఒక రోజూ ఉంచాలి, ఆ తర్వాతే పారెయ్యాలి. అది ఆ బస యజమానురాలి కట్టడి.

"పదకొండు నెలలకు ఒకావిడ పడవ దిగి వచ్చింది, ఒక్క చేతితొడుగు కోసం," అంది ఫెన్నా. "రెండోది చేతికే ఉంది."

"వాళ్ళు బతికున్నారత్తా. వీళ్ళు రారు."

"రారని నాకు తెలీదా? రాకపోతే రానీ. తొందర మనకెందుకూ?"

తాల్కా మొగుడు ఓనో పోయిన నాలుగో రోజే, ఎంత త్వరగా తీసేస్తే అంత మంచిదని ఆడపడుచు వచ్చి మధ్యాహ్నానికల్లా బట్టల బీరువా ఖాళీ చేసేసింది. ఆ చలికాలం బస్టాండులో ఎవరో మనిషి, ఓనో పసుపు వానకోటు వేసుకుని కనిపించాడు. పని మానేసి రెండు వీధులు అతని వెనకాలే నడిచింది. తర్వాత అతను ఒక దుకాణంలోకి పోయాడు.

"మరి గడువు దాటినవి ఇక్కడెందుకున్నాయి?" అంది గొంతు పెంచి.

"ఇదివరకు నేనే మూటలో వేసొచ్చేదాన్ని. క్రిస్మస్ నుంచి మోకాళ్ళు పోయాయి. నిన్ను అడుగుదామనుకున్నా. అడిగితే అరుస్తావు."

"అరవక ముద్దు పెట్టుకుంటానా? రెండింటి దాకా నీ పంట్లాములతో కుస్తీ పడుతూ!"

అరుస్తూనే సర్దింది. గడువు దాటినవి పదకొండు మూటలోకి పోయాయి. ఇంకా దాటనివి నాలుగే తేలాయి. వాటినీ మూటలో పడేస్తే పీడ పోయేది. చేతిలో పట్టుకుని ఫెన్నా వైపు చూసింది. ఫెన్నా కిటికీలోంచి గొర్రెలను చూస్తోంది.

"కింద దుప్పట్ల వెనకాల పెడతాను. నీ కోసం కాదు. ఎవర్స్ మేడమ్ చూస్తే నన్నూ పై అంతస్తులో పెడుతుంది, అందుకు."

బీరువా తలుపు వేసింది. పట్టింది.

నాలుగింటినీ చంకన పెట్టుకుని నేలమాళిగకు దిగేసరికి ఫోను మోగుతోంది. ఎవర్స్ మేడమ్. "నిరుడు ఏప్రిల్లో పోయిన ఐలర్ట్ గారి అమ్మాయి వచ్చారు. అప్పుడు అన్నీ పారెయ్యమన్నారట. ఇప్పుడు ఒక్క గోధుమరంగు ఉన్ని కోటు కావాలంటున్నారు. లేదని చెప్పాను. మీ సంతకమున్న కాగితం తెచ్చి చూపిస్తే నమ్ముతారు."

తాల్కా చంకలోకి చూసుకుంది. నాలుగింటిలో పైది గోధుమరంగు ఉన్ని కోటు. కొమ్ము గుండీలు. అంచున కాగితం, ఏప్రిల్ తేదీ. ఇంకా నెల ఉంది.

"ఓరి దేవుడా" అని అరవాలన్నంత కోపం వచ్చింది. ముసలమ్మే గెలిచింది.

గుండుసూది తీసి, సంతకం కాగితమూ కోటూ పట్టుకుని ఆఫీసులోకి వెళ్ళింది. ఐలర్ట్ కూతురు నలభై దాటిన మనిషి. కోటు చూడగానే లేచి, తన కోటు మీదే దాన్ని తొడుక్కుంది. దాని చేతులు వేళ్ళ కొసల దాకా వచ్చాయి. గుండీలు తడుముకుంటూ పోయి మూడో దాని దగ్గర ఆగింది.

"ఈ గుండీ ఎవరు కుట్టారు? నాన్నకు ఇది ఎప్పుడూ ఉండేది కాదు."

"ఇక్కడ కుడతామమ్మా."

"అక్కడ వేలు పెట్టి తిప్పుతూ ఉండేవాడు," అంది ఆమె, ఫిర్యాదులాగే. గుండీ తెంపలేదు. థాంక్స్ కూడా చెప్పలేదు. అలాగే వెళ్ళిపోయింది.

ఎవర్స్ మేడమ్ సంతకమున్న కాగితాన్నీ తాల్కానూ మార్చి మార్చి చూసింది. "బండికి ఎక్కించానని రాశారు."

"ఏడాదీ ఒక రోజూ ఉంచుతాం మేడమ్."

"ఎవరు పెట్టారు ఆ నియమం?"

"ఎప్పటినుంచో ఉంది. మీకు చెప్పకపోవడం నా తప్పు."

"దీని గురించి రేపు మాట్లాడాలి. ముందు బీరువా చూద్దాం పదండి."

మెట్లెక్కుతున్నంతసేపూ తాల్కా మనసులో మాటలు కూర్చుకుంటూనే ఉంది. 'వచ్చిందత్తా, వచ్చింది. సంతోషమా? రేపు నాకు అక్షింతలు, నీకు ఇంకో కప్పు టీ.'

గదిలో ఎవర్స్ మేడమ్ తిన్నగా బీరువా దగ్గరికి వెళ్ళి తలుపు తీసింది, వేసింది. మళ్ళీ తీసి వేసింది. "బాగుంది. చప్పుడు కూడా లేదు," అంది.

తాల్కా బల్ల వైపు చూస్తోంది. ఫెన్నా కుర్చీలో తల పక్కకు వాల్చి, గొర్రెల వైపే తిరిగి ఉంది. కప్పు ఖాళీ. చెంచా కప్పులో ఉంది.

"మేడమ్," అంది తాల్కా, "డాక్టరును పిలవండి. తొందరేం లేదు."

ఫెన్నాకు వెనకా ముందూ ఎవరూ లేరు. సాయంత్రానికి తాల్కా ఆ బీరువాను రెండోసారి ఖాళీ చేసింది. ఈసారి పావుగంట కూడా పట్టలేదు. రెండు లంగాలూ ఆరు పనిగౌనులూ మూటగట్టింది, నల్లది మనిషికి తొడిగారు. మూట లిఫ్టు దాకా తెచ్చి, లిఫ్టు పక్కన పెట్టలేదు, తిట్టుకుంటూ నేలమాళిగకే ఈడ్చుకుపోయింది.

యంత్రం ఎప్పుడో ఆగింది. నీలం గళ్ళ గౌను తీసి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, దుప్పట్ల వెనక కొయ్యకు తగిలించింది. అంచుకు కాగితం గుచ్చి, పెన్సిలు నాలుకకు తడి చేసుకుని రాసింది: వచ్చే ఏడాది, మార్చి పదమూడు. తర్వాత కిటికీ గట్టు మీది సాక్ష్యాన్ని తెచ్చింది.

లైటు తీసే ముందు ఒకసారి వెనక్కి చూసింది. గౌను తిన్నగానే వేలాడుతోంది. పటికబెల్లం బరువుకు ఎడమ జేబు ఒక్కటే కాస్త కిందికి దిగి ఉంది.