సత్ప్రసాదానికి లేవని మనిషి

మొదటి ఆదివారం నేను పెద్దగా పట్టించుకోలేదు. చర్చి పూజలో ఫాదర్ గారు దివ్యసత్ప్రసాదపు అప్పం పంచే వేళ అందరూ లేచి వరసలో నిలబడితే, మా ఆయన మాత్రం బెంచీ మీదే కూర్చుండిపోయాడు. సత్ప్రసాదానికి గంట ముందు ఏమీ తినకూడదని నియమం కదా, టీలోకి రెండు బిస్కెట్లు లాగించి ఉంటాడులే అనుకున్నాను. రెండో ఆదివారం నేనే దగ్గరుండి టీ కూడా ఇవ్వలేదు. అయినా లేవలేదు. మూడో ఆదివారం నేను ఆయన మోకాళ్లు దాటుకుని వరసలోకి వెళ్తుంటే, వెనక బెంచీలో టైలరమ్మ నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. నాలుగో ఆదివారానికి నాకున్నది అనుమానం కాదు, నమ్మకమే.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. మా కథోలికుల్లో చావైన పాపం చేసినవాళ్లు, అది ఫాదర్ గారి దగ్గర ఒప్పుకుని విమోచనం పొందేదాకా సత్ప్రసాదం తీసుకోకూడదు. చిన్నాచితకా కోపాలూ అబద్ధాలూ అయితే ఫర్వాలేదు, వెళ్లొచ్చు. కాబట్టి వారం వారం బెంచీకి అతుక్కుపోయిన మొగుడంటే ఊరందరి ముందూ దండోరా వేసినట్టే. నేను పదకొండేళ్లుగా పిల్లలకి సత్యోపదేశం చెప్తున్నాను. చావైన పాపానికి మూడు షరతులు. విషయం పెద్దదై ఉండాలి, పాపమని తెలిసి ఉండాలి, తెలిసీ మనసారా చేసి ఉండాలి. ఆ పాఠాన్ని ఇంటికి తెచ్చి మా ఆయన మీద పెట్టి చూశాను. దొంగతనమా? కళ్లజోళ్ల షాపు మాదే, ఎవరి దగ్గర దొంగిలిస్తాడు? హత్యా? చీమను తొక్కినా అయ్యో అనే మనిషి. ఇక పెళ్లయిన మగాడికి మిగిలిందేమిటో నేను చెప్పక్కర్లేదు.

దానికి తోడు ప్రతి శనివారం ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోడానికి, పాపసంకీర్తనానికి వెళ్తున్నాడు. ఒక శనివారం నేనూ వెనకే వెళ్లి స్తంభం పక్కన కూర్చుని గడియారం చూశాను. లోపల పదమూడు నిమిషాలున్నాడు. నా నెల రోజుల పాపాలూ రెండు నిమిషాల్లో అయిపోతాయి. అంతసేపు చెప్పుకుని కూడా మర్నాడు సత్ప్రసాదానికి లేవలేదంటే దానికి ఒకటే అర్థం. పాపం ఒప్పుకుంటున్నాడు గానీ మానుకుంటానని మాటివ్వలేకపోతున్నాడు. మానుకోనివాడికి విమోచనం ఉండదు. ఇదీ నేను పిల్లలకి చెప్పే పాఠమే.

ఫాదర్ గారిని కదిపి చూశాను. ఎవరో ఒకాయన వారం వారం అదే పాపంతో వస్తే మీరేం చేస్తారండీ అని, లోకం సంగతి అడిగినట్టు అడిగాను. ఆయన తెలివితక్కువవారు కాదు. ఎవరొచ్చారో, అసలు వచ్చారో లేదో కూడా చెప్పే హక్కు తనకి లేదన్నారు. నీ వరసలో నువ్వు నిలబడమ్మా, పక్క వరస చూడకు అని నవ్వుతూనే చురక అంటించారు. నేను పక్క వరసే చూశాను.

బుధవారం మా షాపు ఒంటిపూట. మధ్యాహ్నం అద్దాల హోల్‌సేలు షాపుకి వెళ్లొస్తానని సంచీ పట్టుకుని వెళ్తాడు. నెల రోజులుగా ఆ సంచీ ఖాళీగానే తిరిగొస్తోంది. ఆ బుధవారం చెప్పులు చప్పుడు కాకుండా వెంట నడిచాను. హోల్‌సేలు షాపు మలుపు దాటేశాడు. రైలు వంతెన కింది నుంచి వెళ్లి, బట్టలు ఆరేసిన వరండాల బిల్డింగు ఒకటి ఎక్కాడు. అది నాకు తెలిసిన బిల్డింగే. మా తోటికోడలు ఉండేది అక్కడే.

ఆవిడ మొగుడు, మా బావగారు, పోయి రెండేళ్లు. షాపు ఒకప్పుడు అన్నదమ్ములిద్దరిదీ. లెన్సులు అరగదీయడం మా ఆయనకి నేర్పిందే ఆయన. నేను కాపురానికి వచ్చిన మూడో ఏడు, షాపు నిండా జనం ఉండగా, ఈ అమ్మాయి అడుగు పెట్టాకే మన మధ్య మాట తేడాలొచ్చాయని బావగారు అనేశారు. అంతే, షాపు రెండయింది. ఆరేళ్లు అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. బావగారు పోయినప్పుడు కూడా మా ఆయన ఏడవలేదు. చివరిదాకా మన గుమ్మం తొక్కలేదు అని ఒక్క ముక్క అన్నాడు.

మెట్ల మలుపులో నిలబడితే ఆవిడ వంటగది కిటికీ కనిపిస్తుంది. బల్ల దగ్గర ఇద్దరూ కూర్చున్నారు. ఆవిడ ఏదో చెప్తూ ఏడుస్తోంది. మా ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని ఉన్నాడు. నా పెళ్లయ్యాక నేనెన్నిసార్లు ఏడ్చానో, ఎన్నిసార్లు నా చెయ్యి పట్టుకున్నాడో లెక్క వేసుకుంటూ మెట్లు దిగాను. మూడు షరతులూ నిండాయి. ఒళ్లు మండిపోయింది, ఆ మంట కింద భయం కూడా వేసింది. ఈ మనిషి నన్ను వదిలేస్తే నాకెవరున్నారు?

ఆయన తిరిగొచ్చేసరికి నేను షాపు వెనక గదిలో ఉన్నాను. ఆయన స్టూలు మీద కూర్చుని, మామూలుగా ఒక ఫ్రేము తీసి స్క్రూ బిగించడం మొదలుపెట్టాడు.

"అక్కతో ఎన్నాళ్లుగా?" అన్నాను.

ఆయన తలెత్తి చూశాడు. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం పాలిపోయింది గానీ అరవలేదు. స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"నా కంట్లో గాజు ముక్క పడి వారం రోజులు కట్టుతో పడుకున్నాను, గుర్తుందా? ఆ వారం మనింటికి ఎవరైనా వచ్చారా?"

"నేనెవర్నీ పంపించెయ్యలేదే" అన్నాను.

పంపించేశావా అని ఆయన అడగలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

అప్పుడు ఆయనే చెప్పాడు. నెల కింద, అన్నయ్య సంవత్సరీకం పూజ అయ్యాక వదిన పలకరించిందట. ఆయన నీ కోసం ఒకసారి వచ్చాడు, నువ్వు ఇంట్లో లేవన్నారట, తిరిగొచ్చి మంచం పట్టాడు, మళ్లీ లేవలేదు అందట. ఏ వారమో చెప్తే ఈయన లెక్క చూసుకున్నాడు. ఆ వారమంతా ఈయన మంచం దిగలేదు. అప్పటి నుంచీ అన్నయ్య చివరి రోజుల గురించి వినడానికి బుధవారం బుధవారం వదిన దగ్గరికి వెళ్తున్నాడు.

"నన్నెందుకు అడగలేదు?"

"నువ్వే చెప్తావని చూశాను. నెల నెలా పాపసంకీర్తనానికి వెళ్తావుగా."

"అది ఫాదర్ గారి దగ్గర అప్పుడే చెప్పేశాను" అన్నాను. అది నిజం. ప్రాయశ్చిత్తంగా మూడు మంగళవార్త జపాలు చెప్పుకోమన్నారు. చెప్పుకున్నాను, తేలికైపోయాను, మర్చిపోయాను.

"ఏమని చెప్పావు?"

"ఒక అబద్ధం ఆడానని."

ఆయన నవ్వాడో, ఏడ్చాడో నాకు తెలియలేదు. "ఫాదర్ గారు నిన్ను క్షమించమంటున్నారు. వారం వారం వెళ్లి నావల్ల కావట్లేదనే చెప్తున్నాను. నీ మీద ఇంత కక్ష పెట్టుకుని అక్కడికెళ్లి సత్ప్రసాదానికి నాలుక చాపలేను" అన్నాడు.

నెల రోజులుగా నేను వెతికిన చావైన పాపం దొరికింది. విషయం పెద్దదే. తెలుసు. మనసారా చేశాను. ఆ రోజు బావగారితో లేరని చెప్పింది ఈయన నిద్ర పాడవకూడదని కాదు. వాళ్లిద్దరూ మళ్లీ కలిస్తే నేను మళ్లీ పరాయిదాన్నవుతానని.

"ఏమన్నాడు?" అని అడిగాడు ఆయన. "అన్నయ్య నాతో ఏం చెప్పడానికి వచ్చాడో, అదొక్కటీ చెప్పు. అది విన్నది నువ్వొక్కదానివే. వదినకి కూడా తెలీదు."

చిన్నదేదో చెప్పి బయటపడొచ్చు. బాగున్నాడా అని అడిగారని చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. మింగేశాను.

"మెట్లెక్కి ఆయాసపడుతూ గోడ పట్టుకున్నారు. కూర్చోమని నేననలేదు. తమ్ముడున్నాడా అమ్మా అన్నారు. లేరన్నాను."

"తర్వాత?"

"మీ చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయండీ. ఆయన వాటిని చూశారు. నన్నేమీ అనలేదు. లోపలికి వినపడేలా, కొంచెం గొంతు పెంచి, వచ్చానని చెప్పమ్మా అన్నారు. కాసేపు నిలబడి వెళ్లిపోయారు."

ఈ చెప్పుల సంగతి నేను ఫాదర్ గారికి కూడా చెప్పలేదు. మా ఆయన రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను, ముట్టుకునే ధైర్యం లేక.