వంటింటి రెక్క

"తెర్సో!" అని వంటింట్లోంచి వినిపించింది కితేరియాకు. తెర్సో అంటే జపమాల. వెంటనే మెడలోంచి జపమాల తీసింది.

ఏటా ఇదే రోజున ఇంటిని ఏసు తిరుహృదయ పటానికి మళ్లీ అప్పగించి, వీధంతటికీ అలువా పానకం పోస్తుంది కితేరియా. పిలిచినా రానివాడు ఒక్కడే, పక్కింటి మరిది అనానియాస్. పదకొండేళ్ల కిందట ఆమె మొగుడు గనిలో ఒక సున్నపుబండను ఉలితో చీల్చి, ఒక పలక తన వంటింట్లో పరిచి, రెండోది తమ్ముడికిచ్చాడు. "మచ్చ పడ్డ పలక నాకంటగట్టావు" అన్నాడు తమ్ముడు. రాయి వచ్చింది, రాకపోకలు పోయాయి. మధ్యన ఒక ఉమ్మడి గోడ మిగిలింది. "వాణ్ణి ఒక్కసారి గడప దాటించవే" అని చెప్పి మొగుడు కన్నుమూశాడు. ఆ ఒక్క మాటే కితేరియా గొంతులో ముల్లు.

ఇవాళ గ్లాసుల కోసం వంటింట్లోకెళ్లిన ఆమె అక్క కూతురు జందీరా, మ్యూజియంలో పనిచేసే పిల్ల, నేల చూసి ఏదో గొణుగుతూ మోకాళ్లమీద కూలబడింది. ఆ ఇంట్లో ఒకరు మోకరిల్లితే అందరూ మోకరిల్లాల్సిందే. ముప్పైమందీ వంటింటివైపు తిరిగి కీర్తన అందుకున్నారు.

"ఏసుకు వీపు పెట్టామేమిటే?" అంది ముసలి జెనెరోజా.

"నోర్మూసుకుని పాడు! చదువుకున్న పిల్ల తెలీక చేస్తుందా?" అంది కితేరియా.

గోడకవతల చిక్కుడుగింజల కూర తింటున్న అనానియాస్ చెంచా ఆగిపోయింది. కీర్తన సూటిగా తనమీదికే వస్తోంది. ఒక మనిషివైపు తిరిగి ఇంతమంది పాడేది ఎప్పుడు? నాడి చూసుకున్నాడు. కొట్టుకుంటోంది. అయినా నాడిదేముంది, ఊరంతా ఒక మాటమీదుంటే! పరుగున వచ్చి గడప దాటాడు.

"వదినా! నేనింకా చావలేదు!"

"సంతోషం మరిదీ. కూర్చో."

కూర్చోబోయి వంటింటి నేల చూశాడు. "అది నా మచ్చ! ఎప్పుడెత్తుకొచ్చావు?"

"నీ ఇంట్లో అడుగుపెట్టి పదకొండేళ్లయింది, నీ మచ్చ నాకెందుకయ్యా?"

జందీరా లేచి నిలబడింది. "పిన్నీ, నేనన్నది తెర్సో కాదు, టెరోసారో. ఎగిరే బల్లిజాతి. పదకొండు కోట్ల ఏళ్లకిందట ఇక్కడి మడుగుమీద రెక్కాడినన్నాళ్లు డొక్కాడించుకుని, బురదలో పడింది. ఆ బురదే ఈ రాయి. మీరంతా ఇప్పటిదాకా పాడింది దానికే."

జెనెరోజా శిలువ గుర్తు వేసుకుంది.

"మరి నా ఇంట్లోది?" అన్నాడు అనానియాస్.

"అదీ ఇదే బాబాయ్. రాయి చీలిస్తే ఒక ముఖాన జంతువు, రెండో ముఖాన దాని అచ్చు. రెండు మచ్చలూ ఒకటే. మంచి పలకా లేదు, చెడ్డ పలకా లేదు."

"ఇది గోడవైపు చూస్తోంది. నా దగ్గరా గోడవైపే చూస్తుందే?"

"అవును. పదకొండేళ్లుగా గోడకటూ ఇటూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి."

అనానియాస్ రెక్క తొక్కకుండా కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. కితేరియా అతని గ్లాసు అంచుదాకా నింపింది.