చిలక్కొయ్యకు వేలాడిన వెన్నెముక

నేను ఒక వెన్నెముకను. అదిరిపడకండి, ఎవరి ఒంట్లోంచీ ఊడిరాలేదు, ప్లాస్టిక్‌దాన్ని. సభల్లో ‘దేశానికి వెన్నెముక రైతే’ అనగానే చప్పట్లు కొడతారే, మీ వీపులో ఎన్ని పూసలున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టుకున్నారా? నా మీద లెక్కపెట్టుకోండి. మెడకు ఏడు, పక్కటెముకలు తగులుకునే చోట పన్నెండు, నడుముకు అయిదు, ఆ కింద ఒకదానికొకటి అతుక్కుపోయిన ముక్కలు. పూసకూ పూసకూ మధ్య మెత్తలు. వీటన్నిటి నడుమ గొట్టంలో సాగే పసుప్పచ్చ తాడు పేరు వెన్నుపాము. అసలు సంగతంతా దానిదే. పూస విరిగితే అతుకుతుంది. అది నలిగితే అతకదు.

ఉత్తరాదిలో ఒక రేకుల షెడ్డులో నన్ను అచ్చు పోశారు. పూసలను తీగకు గుచ్చిన ఆడమనిషికి విపరీతమైన నడుంనొప్పి. పొద్దస్తమానం వంగి కూర్చుని తిన్నని వెన్నెముకలు తయారుచేసేది పాపం. అక్కణ్ణుంచి హనుమకొండలో ఒక నర్సుల బడికి వచ్చాను. అమ్మాయిలు పరీక్షకు ముందురోజు నా ముందు చేతులు కట్టుకుని నిలబడేవారు, మర్నాడు నా మెడకు చున్నీలు తగిలించేవారు. పదకొండేళ్లకు నా తోక విరిగింది. కొత్త బొమ్మ వచ్చింది. పారేయబోతుంటే, అదే నెల రిటైరవుతున్న రత్నకుమారి టీచరు నన్ను సంచీలో పెట్టుకుపోయింది.

ఆవిడ టీచరు కాకముందు చాలాకాలం ఆసుపత్రి వార్డులో నర్సు. తాటిచెట్ల మీంచి పడ్డ గీతకార్మికులు ఆమె చేతుల మీదుగా చాలామంది పోయారు, అంతకంటే ఎక్కువమంది మంచాన పడ్డారు. వాళ్లలో చాలామందికి చెట్టు చేసిన కీడుకంటే మోసుకొచ్చినవాళ్లు తెలియక చేసిన కీడే ఎక్కువన్నది ఆమె బాధ. అందుకే ఊరూరా తిరిగి తాటివనాల్లోనే పాఠం పెట్టింది. ఊపిరి ఎలా ఆడుతుంది, నెత్తురు ఎలా పారుతుంది, నరాలు కబురు ఎలా మోస్తాయి, అన్నీ చెప్పేది. నెత్తురు కారితే గుడ్డ పెట్టి గట్టిగా నొక్కమనేది. చెయ్యి విరిగితే తాటిమట్ట బద్ద ఆనించి కట్టమనేది.

“చెట్టు మీంచి పడ్డోణ్ణి మాత్రం లేపొద్దు. కూసోబెట్టొద్దు, బండి మీద అసలే ఎక్కించొద్దు. తల కదలకుండ ఒకరు పట్టుకోవాలె. నలుగురు కలిసి దుంగను దొర్లించినట్టు ఒక్కసారే దొర్లించి తలుపు మీద పడుకోబెట్టాలె, దాని మీదనే మొయ్యాలె,” అని నన్ను వంచి, పసుప్పచ్చ తాడు ఎక్కడ నలుగుతుందో చూపించేది.

అలా వెళ్లిన ఒక ఊళ్లో అందరికంటే శ్రద్ధగా విన్నవాడు ఐలయ్య. నలభై దాటినవాడు, ముప్ఫై చెట్లు గీస్తాడు. తమ్ముడు మొగిలిని చిన్నప్పుడు చంకనేసుకుని పెంచాడు. అలవాటు చేసుకోవడానికి ఆ తమ్ముణ్ణే పడ్డవాడిలా పడుకోబెట్టి దొర్లించేవాడు. చక్కిలిగిలి పెడుతోందని వాడు పడీపడీ నవ్వేవాడు. “నవ్వకురా గాడిదీ, చచ్చినోడు నవ్వుతడా?” అని ఐలయ్య కసిరేవాడు. రత్నకుమారికి ముచ్చటేసి నన్ను అతని దగ్గరే ఉంచి వెళ్లింది. ‘ఇంట్ల బొక్కలేంది?’ అని ఎముకల బొమ్మను చూసి అతని తల్లి నర్సవ్వ సణిగింది గానీ, ఐలయ్య నన్ను గోడకున్న చిలక్కొయ్యకు తగిలించాడు.

మాఘమాసంలో ఒక పొద్దున, పక్క ఊరివాళ్లకు చూపిద్దామని నన్ను వెంట తెచ్చి ఒక పొట్టి తాటిచెట్టుకు వేలాడదీశాడు. వాళ్లు వచ్చేలోగా ఒక్క చెట్టు గీసి దిగుదామని ఎక్కాడు. నడుముకూ చెట్టుకూ చుట్టుకున్న మోకు జారింది. మెత్తటి ఇసుకలో కూలబడ్డట్టు పడ్డాడు. చుట్టూ ఎవరూ లేరు, నేను తప్ప. అతను ముందు ఊపిరి పీల్చి చూసుకున్నాడు. తర్వాత కాళ్ల వైపు చూశాడు. కుడికాలి బొటనవేలు కదిలింది, ఎడమదీ కదిలింది. బతికాననుకున్నాడు, నేనూ అనుకున్నాను.

ఐలయ్య వేసిన కేక విని మొగిలి, మరో ముగ్గురు పరుగున వచ్చారు. “లేపకున్రి, తలుపు తేన్రి,” అన్నాడు ఐలయ్య. అంబులెన్సుకు ఫోను చేస్తే అరగంట పడుతుందన్నారు. ఇద్దరు పరిగెత్తి ఐలయ్య ఇంటి తలుపు ఊడబెరుక్కొచ్చారు. దాని వెనకే నర్సవ్వ వచ్చింది. నలుగురు మగవాళ్లు, నేల మీద చెక్క, మనిషిని కట్టడానికి తాళ్లు. చూడగానే గుండెలు బాదుకుంది.

“మీ నోట్ల మన్నువడ! నా కొడుకు బతికుండంగనే పాడె ఎక్కిస్తర్రా?”

తలుపు పట్టుకున్న చేతులు సడలాయి. “అవ్వా, గట్ల గాదే,” అని ఐలయ్య చెప్పబోయాడు. వినేదెవరు? ఆమె ఏడుపు విని మొగిలికి నేర్చిన పాఠమంతా గాలికి కొట్టుకుపోయింది. అన్న చంకల కింద చేతులు వేసి, చిన్నప్పుడు తనను అన్న ఎత్తుకున్నట్టే ప్రేమగా పైకి లేపాడు. ఐలయ్య ఒక్క అరుపు అరిచాడు. ఇద్దరి మధ్య కూర్చోబెట్టి మోటారుసైకిలు మీద తీసుకుపోతుంటే అతని కాళ్లు రెండూ ఊరికే వేలాడుతున్నాయి.

రెండు నెలలకు అవే కాళ్లతో ఇంటికొచ్చి, మళ్లీ చిలక్కొయ్యకు చేరిన నా కింది మంచంలో పడుకున్నాడు. రత్నకుమారి చూడవచ్చింది. “పడ్డప్పుడు కాళ్లవేళ్లు కదిలినయా ఐలయ్యా?” అని అడిగింది. గుమ్మంలో మొగిలి నిలబడి ఉన్నాడు, మొహంలో నెత్తుటి చుక్క లేదు.

“లేదు సిస్టరమ్మా. పడంగనే నరాలు తెగినయ్.” నా నడుం దగ్గర వేలుపెట్టి తమ్ముడికి చూపించాడు. “ఇగో, ఈడ. నువ్వు లేపినా లేపకున్నా ఒక్కటేరా.”

ఎన్నో తప్పు జవాబులు విన్నాను గానీ, నా మీద వేలు పెట్టి తెలిసి తెలిసి అబద్ధం చెప్పినవాణ్ణి అతన్నే చూశాను. మొగిలి గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ రాత్రి కడుపు నిండా తిన్నాడు. మంచంలోంచే పాఠం చెప్పమని రత్నకుమారి రెండుసార్లు అడిగింది, ఐలయ్య ఒప్పుకోలేదు. లేపొద్దని పదిమందికీ చెబితే, తాను లేపి ఏం చేశాడో తమ్ముడికి తెలిసిపోదూ? అలా పాఠం ఆగిపోయింది. నా మీద దుమ్ము పేరుకుంది.

మరుసటేడు సమ్మయ్య అనే కుర్రగౌడు పడ్డాడు. కబురు అందగానే మొగిలి బండి తాళం చెవులు తీసుకున్నాడు.

“బండి వద్దురా! తలుపు తీస్కపో!” మంచం మీంచి అరిచాడు ఐలయ్య.

“నువ్వే గదనే అన్నవ్, లేపినా లేపకున్నా ఒక్కటేనని? ఆలిస్యమైతే పానం పోతది.”

ఐలయ్య బాధ నాకు తెలుసు. ఒక చెంప తమ్ముడు, ఒక చెంప ఎవరి కొడుకో. మొగిలి గడప దాటుతున్నాడు.

“అబద్దం చెప్పిన్రా! పడ్డప్పుడు నా కాలి ఏళ్లు కదిలినయ్. లేపినంకనే పోయినయ్.”

మొగిలి వెనక్కి తిరగలేదు. తాళం చెవులు కింద పడేసి, తలుపును రెండు చేతులా పైకెత్తి ఊడదీసి, తలమీద పెట్టుకుని పరిగెత్తాడు. నర్సవ్వ ఈసారి పక్కకు జరిగి దారిచ్చింది.

సమ్మయ్య ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఊరంతా మొగిలిని మెచ్చుకుంటుంది. అతను మాత్రం చెట్లు ఎక్కడం మానేశాడు, మాట్లాడడం దాదాపు మానేశాడు. ఒంటికి పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి అన్నను పక్కకు తిప్పే పని ఎవరికీ ఇవ్వడు. నర్సవ్వను నడుం దగ్గర పట్టుకోమంటాడు. తాను మెడ కింద ఒక చెయ్యి, భుజం కింద ఒక చెయ్యి పెడతాడు. తల కదలనివ్వడు, నడుం మెలిపడనివ్వడు. నర్సుల బడిలో కూడా అంత శుద్ధంగా చేసినవాళ్లను నేను చూడలేదు.

విరిగిన పూస ఏనాడో అతుక్కుంది. అంత జాగ్రత్త ఇప్పుడు అక్కర్లేదు. ఆ సంగతి ఐలయ్యకు తెలుసు. తమ్ముడికి చెప్పడు.