పాత తలుపుల వెనక మడి

గోర్డన్ హెస్లాప్ కూరమడి చుట్టూ పదకొండు తలుపులున్నాయి. ఊరి బొగ్గుగని మూసేశాక కూలగొట్టిన ఇళ్ళ తలుపులవి. వరసగా నిలబెట్టి, మేకులు కొట్టి కంచె చేశాడు. ఒకదాని మీద పద్నాలుగు అంకె ఇంకా చెరగలేదు. లోపలికి దారి దాన్లోంచే. దానికి తాళం. తాళంచెవి అతని మెళ్ళో.

బ్రాక్‌లా ఊళ్ళో లావుపాటి కాడ కోసం పెంచే లీక్ ఉల్లి పండించేవాడెవడూ తన మడి పరాయివాడికి చూపించడు. ఎంత లోతు తవ్వాడో, మన్నులో ఏం కలిపాడో పెళ్ళానికి తప్ప చెప్పడు. సెప్టెంబరు రెండో శనివారం క్లబ్బులో ప్రదర్శన. మూడేసి కాడలు బల్ల మీద పెట్టి, టేపుతో కొలిచి, ఎన్ని ఘనపు అంగుళాలో తేల్చి కప్పు ఇస్తారు. భార్య ఐరిస్ పోయిన ఈ నాలుగేళ్ళూ కప్పు క్లిఫ్ ట్వెడల్ ఎగరేసుకుపోయాడు. క్లిఫే ప్రదర్శనకు కార్యదర్శి. ఐరిస్ అంత్యక్రియల నాడు పావురాల పందెం ఉందని, చర్చిలో ప్రార్థన ముగియకముందే లేచి వెళ్ళినవాడు. హెస్లాప్ అది మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశమూ లేదు.

ఈ ఏడు కాడలు పొట్టిగా, తెల్లగా, అతని కాలి పిక్కంత లావున ఊరాయి. ఇంకొక్క వారం. ఆ తర్వాత క్లిఫ్ మొహం చూడాలని అతనికి ఒకటే ఆశ.

సరిగ్గా అప్పుడే ఊళ్ళోకి బ్రయొనీ దిగింది. జిల్లా పురావస్తు శాఖ అమ్మాయి. ఊళ్ళోని పాత కట్టడాలన్నిటికీ జాబితా రాస్తోంది. గని చక్రం, బొగ్గు కాల్చిన బట్టీలు, యంత్రపు ఇంటి గోడ, చర్చి గోడలో ఇరుక్కున్న పాత శిలువ రాయి, ఇలా ఆరు దొరికాయి. ఏడోది దొరకలేదు. అది రెండు వందల ఏళ్ళ నాటి బళ్ళదారి. గుర్రాలు బొగ్గు బళ్ళను నది దాకా లాగిన దారి. దాని పట్టాలను మోసిన రాతి దిమ్మలు వేసినచోటే కనబడితే ఆ నేల జోలికి ఎవరూ రాకూడదు. కనబడకపోతే ఊరి కూరమళ్ళన్నీ చదును చేసి కొత్త ఇళ్ళకు రోడ్డు వేస్తారు. జిల్లా అధికారి సోమవారం వచ్చి చూస్తాడు.

శుక్రవారం సాయంత్రం క్లబ్బులో అందరినీ కూర్చోబెట్టి బ్రయొనీ సంగతి చెప్పింది.

"దిమ్మలకేం, బోలెడు దొరికాయండీ. డోరిన్ గారి గుమ్మం మెట్టు ఒకటి. క్లిఫ్ గారి పావురాల గూటి కింద నాలుగు. ఈ క్లబ్బు వాకిట్లో రెండు. అన్నిటికీ పట్టా మేకులు దిగే చిల్లులు, రెండేసి."

"మా తాత తెచ్చాడమ్మాయ్," అన్నాడు క్లిఫ్, గొప్పగా. "అంత మంచి రాయి ఊరికే పడుంటే వదుల్తామా?"

"వదలాల్సింది. చోటు మారిన రాయి దేనికీ సాక్ష్యం కాదు."

"పోనీ, రేపు పొద్దున్నే అందరం కలిసి మళ్ళీ పాతేస్తే?" అంది డోరిన్. ప్రదర్శన సంఘంలో ఉన్న ముగ్గురిలో ఆవిడొకరు, మిగతా ఇద్దరు క్లిఫ్, హెస్లాప్.

"ఆ మాట నాకు వినపడలేదండీ," అంది బ్రయొనీ. క్లబ్బు గొల్లుమంది.

హెస్లాప్ నవ్వలేదు. బీరు గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. నలభై ఏళ్ళ కిందట మడి తవ్వుతుంటే అతనికి రెండు వరసల రాళ్ళు తగిలాయి. ఒక్కోదానికి రెండేసి చిల్లులు. పెకలించబోతే ఐరిస్ వద్దంది. "ఉండనీ, నీళ్ళు నిలవవు," అంది. ఆ రెండు వరసల మధ్యే ఐరిస్ కలిపిచ్చిన మన్ను నింపి కాడలు నాటాడు. లీక్ మడి సంగతి కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు చెబితే మడి తవ్వాలి. తవ్వితే కాడలు పీకాలి. ప్రదర్శన రోజుకు ముందే పీకిన కాడ బల్ల ఎక్కకూడదన్నది నియమం. చెప్పకపోతే ఈసారి కప్పు తనది. వచ్చే ఏడు మడే ఉండదు. అతనిదీ ఉండదు, ఎవడిదీ ఉండదు. క్లిఫ్ మడి పోతుందన్న ఆలోచన అతన్ని కాసేపు హాయిగా ఉంచిందన్నది కూడా నిజమే.

శనివారం పొద్దున్న బ్రయొనీ దిగిన ఇంటికి వెళ్ళాడు.

"అమ్మాయ్, బూట్లు వేసుకుని రా."

ఊరు చిన్నది. అతను పద్నాలుగో నంబరు తాళం తీసేసరికి వెనక క్లిఫ్, డోరిన్ నిలబడి ఉన్నారు.

"మీరెందుకు తగలడ్డారు?"

"నలభై ఏళ్ళుగా ఈ తలుపు తెరవగా చూళ్ళేదు కదరా, చూసిపోదామని," అన్నాడు క్లిఫ్.

హెస్లాప్ మడి చివర మన్ను చేత్తో తోశాడు. రాయి బయటపడింది. చిల్లులు రెండూ కనబడ్డాయి. మూడడుగుల అవతల ఇంకొకటి. బ్రయొనీ మోకాళ్ళ మీద కూలబడి, "కదల్లేదు! ఇవి కదల్లేదండీ!" అని అరిచింది.

క్లిఫ్ రాళ్ళ వంక చూడలేదు. కాడల వంక చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇవి పీకేస్తావా?"

"సోమవారానికి వరస మొత్తం కనబడాలిగా. కప్పు ఇంట్లోనే ఉంచుకో, పండగ చేసుకో."

"నోర్ముయ్యరా. డోరిన్, నియమాల పుస్తకం ఏం చెబుతోంది? రెండో శనివారం, లేదా సంఘం నిర్ణయించిన రోజు. అవునా?"

"అవును."

"సంఘమంటే మనం ముగ్గురం. ప్రదర్శన రేపే. చేతులెత్తండి."

డోరిన్ ఎత్తింది. హెస్లాప్ ఎత్తలేదు. "నీ కాడలకు ఇంకా వారం పడుతుంది. నీ లెక్క నాకు తెలుసు. నాకు దానం అక్కర్లేదు."

"దానం నీకెవడు చేశాడు? నువ్వు బల్ల దగ్గర లేకుండా గెలిస్తే ఏం రుచిరా అది? ఉప్పు లేని గంజి. ఇద్దరం ఎత్తాం, చాలు."

ఆదివారం ఊరంతా క్లిఫ్‌ను తిట్టుకుంటూనే కాడలు పీకింది. క్లబ్బులో బల్లలు చాలక బ్రయొనీ పనిముట్ల బల్లలు కూడా తెచ్చారు. తవ్వకంలో దొరికినవి పెట్టుకునే పళ్ళేల్లో లీకులు పడుకున్నాయి. డోరిన్ కొలిచింది. హెస్లాప్ నాలుగు ఘనపు అంగుళాల తేడాతో గెలిచాడు.

"మళ్ళీ కొలువు," అన్నాడు హెస్లాప్. "వీడు ఏదో చేసుంటాడు."

మళ్ళీ కొలిచారు. తేడా ఆరైంది.

"ఇంకోసారి కొలిపించరా, పదవుతుంది," అన్నాడు క్లిఫ్. క్లబ్బు పైకప్పు లేచిపోయేలా నవ్వింది. హెస్లాప్ పెదవి ఒక పక్కకు కదిలింది. అంతకుమించి కదలలేదు.

మధ్యాహ్నం అతనే మడి తవ్వాడు. ప్రతి పార మన్నూ బండిలో వేసి, పైన టార్పాలిన్ కప్పి, తీసుకెళ్ళి పాకలో పెట్టి తాళం వేశాడు. సాయంత్రానికి రెండు వరసల్లో ఇరవై రెండు దిమ్మలు తేలాయి. సోమవారం అధికారి వచ్చి, ఫొటోలు తీసుకుని, రోడ్డు ఇటు రాదని చెప్పి వెళ్ళాడు. రాళ్ళను మళ్ళీ మన్నుతో కప్పి ఉంచడమే వాటికి మేలని, పైన కూరలు పండించుకోవచ్చని కూడా అన్నాడు.

బ్రయొనీ సామాను సర్దుకుంటుంటే క్లిఫ్ ఆమె వెనకే తిరుగుతున్నాడు.

"అమ్మాయ్, నీ చేతిలో ఆ చిన్న సంచీ ఏంటి?"

"మడి అడుగు మన్నండీ. పరీక్షకి. ఏమేం కలిసి ఉన్నాయో తెలుస్తుంది."

"అలాగా," అన్నాడు క్లిఫ్, చాలా మెత్తగా. "ఆ కాగితం వచ్చాక నాకూ ఒకటి పంపుతావా తల్లీ? చరిత్రంటే నాకు చిన్నప్పట్నుంచీ ప్రాణం."

హెస్లాప్ పార కింద పెట్టాడు. నాలుగంగల్లో వచ్చి సంచీ ఆమె చేతిలోంచి తీసుకున్నాడు.

"రాళ్ళు ఊరివి," అన్నాడు. "మన్ను ఐరిస్‌ది."

లోపలికి పోయి, పద్నాలుగో నంబరు తలుపు వేసుకున్నాడు. తాళం పడిన చప్పుడు క్లిఫ్‌కు బాగా వినబడింది.