మొదటి అడుగు లేని టేపు

నేను ఒక కొలత టేపును. తోలు డిప్పలో చుట్ట చుట్టుకుని పడుకునే గుడ్డ టేపును. స్టీలు టేపులు వచ్చాక మా జాతిని అడిగేవాళ్ళు తగ్గారు గానీ, తణుకులో నన్ను పరచని వీధి లేదు. నా ఒంటి మీద నూరు అడుగులు అచ్చేసి పంపారు. ఇప్పుడున్నవి తొంభై తొమ్మిది. పోయింది చివర కాదు, మొదట్లో. ఆ ఒక్క అడుగు వల్ల ఒక ఆవిడ జీవితమంతా కూడబెట్టుకున్నది నీళ్ళలో పోయేది. అది చెప్పుకుంటే తప్ప నాకు కుదురు లేదు.

మొదట నన్ను కాలవల ఓవర్సీరు ఒకాయన కొన్నాడు. ఆయన రిటైరయ్యాక దస్తావేజులు రాసే గూడపాటి కనకలింగంగారి చేతికొచ్చాను. ఇల్లు అమ్మేవాడూ కొనేవాడూ ఆయన బల్ల దగ్గరే కూర్చునేవారు. ఆయన కాగితాలు చూసేవారు, నేను నేల చూసేదాన్ని.

ఒకసారి అన్నదమ్ములిద్దరు ఇల్లు పంచుకుంటూ నన్ను చెరో కొసా పట్టుకున్నారు. పెద్దాయన తనవైపు లాగాడు, చిన్నాయన తనవైపు లాగాడు. నన్ను లాగితే నేల సాగుతుందనుకున్నారు కాబోలు. నేల సాగలేదు, నేను తెగాను. నా మొదటి అడుగూ, దాని కొసనున్న ఇత్తడి ఉంగరమూ మురిక్కాలవలో పడ్డాయి. ఉంగరం దొరికింది, అడుగు కొట్టుకుపోయింది. కనకలింగంగారు ఆ ఉంగరాన్ని తెచ్చి, ఒకటి అంకె ఉన్నచోట నాకు కుట్టించారు. డిప్ప మూత లోపల కాపీయింగు పెన్సిలుతో 'లాగిన ప్రతిసారీ ఒకటి తీసెయ్యాలి' అని రాసుకున్నారు. కొత్తది కొనరాదా అని ఎవరన్నా అంటే, అలవాటైనది వదలడం కష్టమనేవారు. చెమట చేతులకి ఆ అక్షరాలు నాలుగేళ్ళలో చెరిగిపోయాయి. ఆయనకి మాత్రం చెరగలేదు. ముప్ఫై ఏళ్ళు మనసులోనే ఒకటి తీసేస్తూ వచ్చారు.

మూడేళ్ళ కిందట ఆయన కళ్ళకి పొర కమ్మింది. బల్లా, సీళ్ళూ, నన్నూ మేనల్లుడు భానోజీకి అప్పగించారు. ఏ కాగితం ఎక్కడ పెట్టాలో, ఏ గుమాస్తాతో ఎలా మాట్లాడాలో అన్నీ చెప్పారు. నా సంగతి చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళు చేసిన పని చెప్పాల్సిన పనిగా ఎవరికీ కనిపించదు. భానోజీ నా మీద ఏముంటే అది చదివి రాసుకునేవాడు. తీసేయవయ్యా అని అరుద్దామంటే నాకు నోరేదీ?

అప్పుడే సత్యవేణిగారు వచ్చారు. హైస్కూల్లో డ్రిల్లు టీచరు. భర్త పోయాక అత్తగారిని వెంటబెట్టుకుని పన్నెండు అద్దె ఇళ్ళు మారిన మనిషి. ఉన్న ఇల్లు నెలాఖరుకి ఖాళీ చేయమన్నారు. ఇక అద్దె ఇల్లు వద్దని, పీఎఫ్ సొమ్మంతా తీసి, పాత సినిమాహాలు వెనక సందులో మంగరాజుగారి పెంకుటిల్లు బేరం చేశారు. ఇల్లు కట్టి చూడమన్న పెద్దలు ఇల్లు కొని చూసినట్టు లేరు. ఆవిడ ఒక నోటుబుక్కు నిండా ప్రశ్నలు రాసుకొచ్చి, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని బల్ల పక్కన కూర్చున్న కనకలింగంగారిని అడిగారు.

అగ్రిమెంటు రాసుకుంటే ఇల్లు తనదైనట్టేనా అన్నారు. అది తాంబూలాలు పుచ్చుకోవడమేనమ్మా, తాళి కట్టేది రిజిస్ట్రారాఫీసులో అన్నారాయన. ఎవరెవరు సంతకం పెట్టాలంటే, ఇల్లు మంగరాజుగారి తండ్రి నాటిది గనక కొడుకులూ కూతుళ్ళూ అందరూ పెట్టాలన్నారు. పాత దస్తావేజుల ఒరిజినల్సు కళ్ళతో చూడందే ఒప్పుకోవద్దన్నారు. చివరికి ఆవిడ, ఇంటి మీద తనఖాలూ అమ్మకాలూ చూపే ఈసీ కాగితం సంగతి అడిగారు.

"ఈసీలో ఏమీ లేదంటే ఇంటి మీద ఏ పేచీ లేనట్టేనాండీ?"

"రిజిస్టరైనవే అందులో కనబడతాయమ్మా. తెల్లకాగితాల సంగతి దానికి తెలీదు."

వకీలు కాగితాలన్నీ తిరగేసి శుభ్రంగా ఉన్నాయని రాసిచ్చాడు. పాత దస్తావేజులో ఇంటి వెడల్పు ముప్ఫైమూడు అడుగులు. అది సరిచూడ్డానికి భానోజీ నన్ను తీసుకెళ్ళాడు. ఆ రోజు సత్యవేణిగారు స్కూలు ఆటలపోటీల్లో ఉన్నారు. ముందు అరుగు అడ్డంగా ఉండటంతో మూడు ముక్కలుగా కొలిచాడు. గేటు దగ్గర తొమ్మిది, అరుగు పదిహేడు, పక్క సందు ఏడు. మొత్తం ముప్ఫైమూడు. మూడుసార్లు లాగాడు, మూడుసార్లూ నేను ఒకటి కలిపాను.

ఆ లెక్క వినగానే ఇంటాయన మంగరాజుగారి ముఖం నేను చూశాను. సంతోషం కాదు, ఆశ్చర్యం. రాదనుకున్న కొలత సరిగ్గా వచ్చిన మనిషి ముఖమది. ఏదో అనబోయి, పై కండువాతో నోరు తుడుచుకుని ఊరుకున్నాడు. అబద్ధం నేను చెప్పాను. దాన్ని ఇంట్లోకి పిలిచి కూర్చోబెట్టింది ఆయన.

రిజిస్ట్రేషను రోజు పదకొండున్నరకి స్లాటు. దస్తావేజుకి అంటించే ఇంటి ఫోటో కోసం తొమ్మిదిన్నరకి అందరూ గేటు ముందు నిలబడ్డారు. స్టాంపుల సొమ్ము కట్టేశారు. సంతకాలే తరువాయి. మరో రెండు గంటల్లో నా తప్పు దస్తావేజుకెక్కుతుంది, ఆ తర్వాత దాన్ని ఆపేవాడుండడు.

ఫోటో అయ్యాక సత్యవేణిగారికి అత్తగారి బీరువా గుర్తొచ్చింది. గుమ్మంలోంచి పడుతుందో లేదో చూస్తానని నన్ను అడిగి తీసుకున్నారు. ఒక్క లాగు లాగారు. నాలుగడుగుల రెండంగుళాలు చూపించాను. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడితే మోచేతులు రెండువైపులా గుమ్మానికి తగిలేంత దగ్గరగా ఉన్నాయి. ఆవిడ తలుపుని చూశారు, నన్ను చూశారు. తర్వాత నా ఉంగరాన్ని వేళ్ళతో పట్టుకుని కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నారు.

"భానోజీగారూ, దీనికి సున్నా ఏదండీ?"

పాతదండి, కొస కాస్త పోయింది, ఒక్క అడుగుకి ఏముందండి అని భానోజీ నవ్వాడు. పాతికేళ్ళు లాంగ్‌జంపులు కొలిచిన మనిషి దగ్గర అనాల్సిన మాట కాదది. ఒక్క అడుగు దగ్గర పిల్లలు ఏడవడం చూసిన మనిషి. ఎన్ని ముక్కలుగా కొలిచారని అడిగారు. మూడు, అన్నాడు. అన్నాక అతని నవ్వు ఆగిపోయింది.

ఆవిడ రోడ్డువార, అరుగుకి ఇవతలగా తూర్పు మూల నిలబడి, నా ఉంగరం మంగరాజుగారికి అందించారు.

"దూకినవాడి గుర్తు దగ్గర దూకినవాడినే పట్టుకోమంటానండి నేను. మీ హద్దు ఎక్కడుందో అక్కడ పట్టుకోండి."

ఆయన పడమటి గోడ దాకా నడిచి ఆగాడు. నేను బిగుసుకున్నాను. ముప్ఫైఒకటి. అందులో ఒకటి తీసేస్తే ముప్ఫై. సత్యవేణిగారు ముప్ఫై అని పైకి చదివి, నా కొస వదలకుండా నిలబడ్డారు. మిగతా మూడూ ఏవని కూడా అడగలేదు. ఆయన చెయ్యి ఆ గోడ దగ్గరే ఉంటుందేమోనని భయపడ్డాను. ఆయన గోడ చుట్టూ తిరిగి వెళ్ళి, పక్కింటివాళ్ళ మేడమెట్ల అవతలి అంచున నన్ను ఆనించాడు. ముప్ఫైనాలుగు.

"ఇక్కడిదాకా ఉండేదండి మాది. మెట్లకి చోటు చాల్లేదంటే తెల్లకాగితం మీద రాసిచ్చేశాను. ఇరవయ్యేళ్ళైంది. ఆ రోజు టేపు సరిగ్గా చెప్పేసరికి, నా నోరు కట్టేసిందండి."

భానోజీ గడియారం చూసుకున్నాడు. స్లాటు పోతుందని, ముందు రిజిస్ట్రేషను కానిచ్చేసి, తర్వాత సవరణ దస్తావేజు రాసుకుందామని అన్నాడు. సత్యవేణిగారు అరుగు మీద కూలబడ్డారు. ఇల్లు ఖాళీ చేయడానికి నాలుగు రోజులుంది. ఆవిడ ఎంత అలసిపోయారో నన్ను పట్టుకున్న పట్టులో తెలిసింది. సరే అనేస్తారనుకున్నాను. అనలేదు. కనకలింగంగారికి ఫోను చేశారు.

ఆయన ఆటోలో వచ్చారు. నా డిప్ప మూత తెరిచి, చెరిగిపోయిన రాత మీద వేలితో తడిమారు. తప్పు తనదేనన్నారు. భానోజీని ఒక్క మాట అనలేదు.

"ఇప్పుడు సంతకం పెడితే ఏమవుతుందండీ?" అన్నారు సత్యవేణిగారు.

"ముప్ఫైమూడుకి సొమ్మిచ్చి ముప్ఫై తీసుకుంటారమ్మా. ఆ మూడూ పక్కింటివాళ్ళతో కోర్టులో వెతుక్కుంటారు."

పదకొండున్నర అరుగు మీదే గడిచిపోయింది. ఎవరూ కదల్లేదు.

ఇంటివాళ్ళని బతిమాలితే ఇంకో వారం ఉండనిచ్చారు గానీ, సామాను సగం స్కూలు ఆటల గదిలోకి చేరింది. ఆ వారంలోనే మంగరాజుగారు మెట్ల కింద నేలకి పక్కింటివాళ్ళ పేర సరైన దస్తావేజు రాసిచ్చారు. ఆ మూడడుగుల నేలకీ సత్యవేణిగారికి ధర తగ్గించారు. సత్యవేణిగారి దస్తావేజులో ముప్ఫై అడుగులనే పడింది.

గృహప్రవేశం నాటికి నేను చెత్తబుట్టలో ఉంటాననుకున్నాను. ఆవిడ నన్ను అడిగి తెచ్చుకున్నారు. పరుగుపందెం ముగిసేచోట పిల్లలు తెంపే తెల్ల రిబ్బను ఒక అడుగు కత్తిరించి, స్కేలు పెట్టి సిరాతో పన్నెండు అంగుళాలు గీసి, ఉంగరంతో సహా నాకు కుట్టారు. నాకు మళ్ళీ సున్నా వచ్చింది. ఇప్పుడు వారంలో రెండు సాయంత్రాలు భానోజీ నన్ను అడిగి పట్టుకెళతాడు. ఈ మూడేళ్ళలో కొలిచిన ఇళ్ళ జాబితా కనకలింగంగారి చేతిలో ఉంటుంది. తలుపు తట్టి, మేం తప్పు రాశామండి అని చెప్పడం భానోజీకి ఇంకా అలవాటు కాలేదు. ప్రతి గుమ్మం ముందూ ఒకసారి గొంతు సవరించుకుంటాడు.

కుట్టిన రోజే సత్యవేణిగారు నన్ను కొత్త ఇంటి ముందు పరిచారు. తూర్పున ఉంగరం అత్తగారు పట్టుకున్నారు. సత్యవేణిగారు పడమటి గోడ దగ్గర వంగి చదివారు.

"ముప్ఫై, అత్తయ్యా."

"తగ్గిందేంటే?"

"తగ్గలేదు. ఇదంతా మనదే."