ఇంజన్‌కు మంచినీళ్లు

ఇంజన్ చల్లబడేందుకు నీళ్లు తిరిగే గొట్టం విప్పగానే మేస్త్రీ నూరుద్దీన్‌కు ఒళ్లు మండింది. లోపలంతా సున్నం పెచ్చులే. దొర తోటబావి మీద పెట్టిన ఆయిలింజన్ ఆర్నెల్లకే మూలపడింది.

"నూనె మంచిదే పోయించిన గదా," అన్నాడు దొర.

"నూనె సంగతి కాదు దొరా. గీ ఉప్పునీళ్లు దీనికి పడయి. మీరు తాగే మంచినీళ్లే పొయ్యాలె."

దొర వెంటనే జీతగాణ్ని పురమాయించాడు. మంచినీళ్ల బావి నుంచి బండి మీద పీపాలు వచ్చాయి. మర్నాడు ఇంజన్ పొద్దంతా హాయిగా నడిచింది.

సాయంత్రం ఇంజన్ ఆపి, వేడినీళ్లు వదిలేయడానికి నూరుద్దీన్ మూత తిప్పాడు. కలుపు తీసే కూలి మారెమ్మ పరుగున వచ్చి దాని కింద కుండ పట్టింది. నూనె తెట్టు తేలుతున్న తుప్పునీళ్లు అవి.

"ఛీ, గవెందుకమ్మా?"

"తాగనీకే సాయిబూ. మా వాడ బావి ఉప్పుది. మంచినీళ్ల బావి మమ్ముల ముట్టనియ్యరు."

"పట్టుకోనియ్యి," అంటూ దొర నవ్వాడు. "ఇంజన్ తాగంగ మిగిలినయే గద."

నూరుద్దీన్ దొర మొహంలోకి చూశాడు. ఉప్పునీళ్లకు ఇనుము పాడవుతుందంటే ఒక్క మాటకే నమ్మిన మనిషి! వాడ బావి నీళ్లు తాగీ తాగీ మారెమ్మ కాళ్లు మోకాళ్ల దగ్గర వంకర తిరిగి ఉన్నాయి. పానాను సంచిలోకి విసిరికొట్టి లేచాడు.

మారెమ్మ తెట్టును వేళ్లతో పక్కకు తోస్తూ అడిగింది: "రేపు గూడ నడుపుతరా సాయిబూ?"