రెండు దిక్కుల ముచ్చట

చౌటుప్పల్‌లో ఇంటింటికీ ఇంటర్నెట్ ఇచ్చే రాజేందర్‌కు తన తెలివి మీద కాస్త నమ్మకం ఎక్కువ. సాయంత్రం కాగానే ఊరంతా సినిమాలకు ఎగబడడం, నెట్ ఫోన్‌లో మాట్లాడేవాళ్ల మాటలు మధ్యలో తెగిపోవడం చూసి విసిగిపోయాడు. ఎవరింట్లో ఏ యాప్ నడుస్తోందో గుర్తుపట్టే యంత్రం తెచ్చి, అందులో మూడు వరసలు కట్టాడు. నెట్ వేగం ముందు మాటకు, తర్వాత పనికి, చివర మిగిలింది తమాషాకు. వీడియో ఏదైనా సరే తమాషాలోకే తోసేశాడు. ఫిర్యాదులు తగ్గాయి. ఇక ఆయనగారి నడకే మారిపోయింది.

ఆ వారమే మందుల కంపెనీ క్యాంటీన్‌లో వంట చేసే బిక్షమ్మ అతని దుకాణానికి వచ్చింది. "తమ్మీ, నా బిడ్డతోని మాట్లాడనిస్తలేదు నీ నెట్టు. బొమ్మ ఆగిపోతాంది."

"వీడియో ఎందుకక్కా? ఉత్త ఫోన్ చెయ్యి. మాట మంచిగ పోతది."

బిక్షమ్మకు ఒళ్లు మండింది. "నా భాగ్యశ్రీకి చెవులు వినబడయి, మాట రాదు. చేతులతోనే మాట్లాడ్తది. అల్లుడు గూడ గంతే. రాసి పంపితే నాకు చదువు రాదు. కొల్లాపూర్‌ల ఉన్నది, రెండో కాన్పు, నెలలు నిండినయి. నిన్న కడుపు మీద చెయ్యి పెట్టింది, బొమ్మ గాన్నే ఆగింది. నొప్పులా, బిడ్డ కదిలిందా, నాకేం ఎర్కలేదు. మల్ల జేస్తే గట్లనే."

రాజేందర్‌కు సిగ్గేసింది. కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. వీడియోలన్నిటినీ ముందు వరసలోకి తెస్తే మళ్లీ పాత గోలే. సినిమా ఇంటికి వస్తుంది గానీ, ఇంటి నుంచి ఏమీ పట్టుకుపోదు. బొమ్మ పోతూ, బొమ్మ వస్తూ ఉంటే మాత్రం అది ఎవరో ఇద్దరి ముచ్చట. అలా రెండు దిక్కులా నడిచేదాన్ని మాట వరసలోకి మార్చాడు. మాటంటే గొంతే అనుకున్న తన బుర్రను తిట్టుకున్నాడు.

"దుకాణం వైఫై మీదనే చెయ్యక్కా."

భాగ్యశ్రీ తెర మీదికి వచ్చింది. బిక్షమ్మకు రెండు చేతులూ కావాలి గనక ఫోన్‌ను రాజేందర్ పట్టుకున్నాడు. కూతురి వేళ్లు ఎక్కడా ఆగకుండా గబగబా కదిలాయి. తల్లి కళ్లు నీళ్లతో నిండాయి.

రాజేందర్ ఆమె వైపు వంగాడు. "నొప్పులా అక్కా?"

"కాదు. బిడ్డ తన్నిందని జెప్పనీకి చెయ్యి పెట్టిందట. గప్పుడే ఆడ నా బొమ్మ గూడ ఆగిందట, నోరు తెరిచినట్టే. ఎంత చేతులూపినా కదలకపోతే, అమ్మకు ఏమో అయిందనుకున్నదట."

కొంగుతో ముఖం తుడుచుకుంది.

"కడుపుతోని ఉన్న పిల్ల, నా కోసం ఏడ్సిందట."